తువ్వాలు కింద భాగహారం

నా మనవరాలికి లెక్కలు వచ్చా, రావా అన్న సంగతి నాకు ఈనాటికీ పూర్తిగా తేలలేదు. వచ్చంటుంది వాళ్ళ మేడం. వచ్చంటాడు మా ఆయన. కానీ ఆ పిల్ల వేసిన లెక్కను నేను చూసినప్పుడల్లా బురద కాళ్ళ కోడి గచ్చు మీద తిరిగినట్టు ఉండేది. ఒక అంకె పైకి ఎక్కుతుంది, పక్కది కిందికి జారుతుంది, మూడోది పుస్తకం అంచు దాకా పోయి అక్కడ ఆగుతుంది. ఏ అంకె ఏ అంకె కిందిదో దేవుడికే తెలియాలి.

నేను చదివింది రెండో తరగతి. హాలహర్వి దగ్గర మా పుట్టినూరి బడిలో పలక చూపిస్తే లెక్క చూపించినట్టే. రాత సరిగా ఉంటే లెక్క సరిగా ఉన్నట్టు, రాత తప్పితే లెక్క తప్పినట్టు. రెండూ వేరువేరని మాకు ఎవరూ చెప్పలేదు.

మేముండేది ఎమ్మిగనూరులో. నా కూతురు ఆదోనిలో బట్టల దుకాణంలో పని చేస్తుంది. పొద్దున బస్సుకు పోతే దీపాలు పెట్టే వేళకు వస్తుంది. అల్లుడు లారీ మీద పోతాడు, వచ్చినప్పుడు వస్తాడు. కాబట్టి పిల్లకు అన్నం పెట్టడం, జడ వేయడం, చదువుకోమని అరవడం అంతా నా పనే. అరవడం నాకు బాగా వచ్చు.

పిల్ల అయిదో తరగతికి వచ్చిన ఏడు, వానలు పట్టినాక, బడి నుంచి కబురు వచ్చింది. కూతురికి సెలవు దొరకలేదు. నేనే పోయాను. లెక్కల మేడం నన్ను కూర్చోబెట్టి పిల్ల పుస్తకం తెరిచింది.

"అవ్వా, పాపకు లెక్క తెలుసు. సెయ్యే మాట ఇనడం ల్యా."

"సెయ్యి ఇనకపోతే ఒకటి తగిలిస్తే ఇంటాది" అన్నాను.

"కొట్టినా ఇనదవ్వా. కొందరు పిల్లలకు అట్ల ఉంటాది. సోమరితనం కాదు. ఇది సూడు" అని ఒక కూడిక చూపించింది. నలభై ఏడుకు ముప్పై అయిదు కలపాలి. పిల్ల రాసిన ఏడు పక్కకు జారి మూడు నెత్తిన కూర్చుంది. నాలుగు ఎక్కడో ఒంటరిగా నిలబడింది. కింద వచ్చిన జవాబు ఏ లెక్కకూ జవాబు కాదు. "నోటితో అడిగితే ఎనభై రెండు అని టక్కున సెప్పింది. రాస్తే ఇట్లయింది. మల్ల దీన్ని ఏమనాల?"

నేను పుస్తకాన్ని తిరగేసి కూడా చూశాను.

తర్వాత అసలు సంగతి చెప్పింది. పిల్ల రాసింది చదవడానికి రావడం లేదు కాబట్టి లెక్కల పీరియడ్‌లో మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టమని హెడ్మాస్టర్ అన్నాడట. రాత కుదిరినాక భాగహారాలు చూద్దామన్నాడట. మేడం ఒప్పుకోలేదు. దసరా సెలవుల దాకా గడువు అడిగింది. ఆలోపల పిల్ల తాను లెక్క ఎట్లా చేసిందో ఏదో ఒక విధంగా ఆయనకు చూపించాలి. చూపించలేకపోతే మూడో తరగతే.

"రాత వేరే నేర్పిస్తాం, లెక్క వేరే నేర్పిస్తాం. రాత కోసరం లెక్కను ఆపితే పాప ఎనకబడిపోతాది" అంది మేడం.

నిజం చెప్పాలంటే నాకు హెడ్మాస్టర్ మాటే న్యాయంగా తోచింది. రాయలేని పిల్లకు భాగహారం ఎందుకు? ఇంటికి వచ్చి పిల్లతో అదే అన్నాను. అది ఏడవలేదు. ఉతికిన బట్టలు మడత పెడుతూ, తల ఎత్తకుండా అంది.

"మూడో తరగతిలో కూసోబెడితే నేను బడికి పోను. ఇంట్లోనే నీ తోడ ఉంటా అవ్వా."

అది బెదిరింపు అయితే నాలుగు దెబ్బలు వేసేదాన్ని. కానీ అది బెదిరించలేదు. పని ఒప్పుకున్నట్టు చెప్పింది. నన్ను కూడా బడి మానమని ఎవరూ అనలేదు. ఒక పత్తి తీతల కాలంలో పోలేదు, ఆ తర్వాత పోలేదు, అంతే. ఆడపిల్ల చదువు ఆగడానికి పెద్ద కారణం అక్కరలేదని నాకు తెలుసు. అందుకని భయం పట్టుకుంది.

మేడం చెప్పిన పద్ధతి ఇది. పెద్ద గళ్ళ కాగితం తీసుకోవాలి. గడికి ఒక అంకె. పేజీకి ఒక లెక్క. పది లెక్కలు వద్దు, మూడు చాలు. పిల్ల అలిసిపోతే అది నోటితో చెప్తే నేను రాయాలి. లెక్క చేసేటప్పుడు రాత బాగాలేదని తిట్టకూడదు. అన్నిటికన్నా ఈ చివరిది కష్టం. దాని తర్వాత కష్టం పేజీకి ఒక లెక్క.

గళ్ళ పుస్తకం ఎందుకని, గోడకు తగిలించే క్యాలెండర్ల పాత కాగితాలు వెనక్కి తిప్పి, చీపురుపుల్ల ఆనించి పెన్సిలుతో నేనే గళ్ళు గీశాను. కాగితం దండగ కాకూడదని వేరుశనగ గింజంత గళ్ళు గీశాను. పిల్ల అంకె ఒక్కొక్కటి నాలుగు గళ్ళు ఆక్రమించింది. మేడం చూసి, "అవ్వా, ఇవి చీమలకు గీసినావా?" అని పిల్ల చేత తిప్పి పంపింది. మళ్ళీ పెద్దగా గీశాను. ఒక నెల కాగితం వెనక రెండు లెక్కలకే సరిపోయేది. నూనె నేల మీద పోస్తున్నట్టు అనిపించేది.

ఇంక నేను రాసే సంబడం. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"తొంభై ఆరును నాలుగుతో భాగించాల. సెప్పు."

"ఇరవై నాలుగు."

"ఎట్ల వచ్చింది?"

"వచ్చింది."

"అదే, ఎట్ల?"

"వచ్చింది అవ్వా. నీకు రాలేదా?"

నాకు ఎక్కడ వస్తుంది? రెండో తరగతిలో భాగహారం దాకా పోనేలేదు. గళ్ళ కాగితం మీద ఇరవై నాలుగు అని రాసి ఊరుకున్నాను. మేడం మళ్ళీ తిప్పి పంపింది. జవాబు ఒక్కటే చూస్తే హెడ్మాస్టర్ ఎవరో చెప్పి ఇచ్చారంటాడు, ఎట్లా వచ్చిందో మెట్టు మెట్టుగా కావాలంది. తెలిసిన పిల్ల చెప్పలేదు, రాసే నాకు తెలియదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్ళం.

ఈ మధ్యలో మా ఆయన చొరబడ్డాడు.

ఆయన వయసులో ఉన్నప్పుడు పశువుల సంతల్లో దలారి. ఎమ్మిగనూరు, ఆస్పరి, కోడుమూరు, ఎక్కడ ఎద్దులు చేతులు మారితే అక్కడ ఉండేవాడు. సంతలో ధర నోటితో చెప్పరు. చుట్టూ ఉన్నవాళ్ళు వినకుండా ఇద్దరూ తువ్వాలు కింద చేతులు కలిపి బేరం చేస్తారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, నాలుగు వేళ్ళు పట్టుకుంటే నాలుగు, చెయ్యంతా పట్టుకుంటే అయిదు. అయిదు దాటితే చెయ్యంతా పట్టి, మళ్ళీ వేళ్ళు పట్టుకోవాలి. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఆయన మంచం దిగడం తక్కువ.

ఒక మధ్యాహ్నం నేను చేట తీసుకుని బయటికి వస్తే తాతా మనవరాలూ మంచం మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. మధ్యలో తువ్వాలు. ఇద్దరూ వీధి వైపు చూస్తున్నారు, ఒకరికొకరు ఏమీ కానట్టు.

"ఏం సేస్తాండారు?"

"బేరం" అంది పిల్ల.

"ఏం అమ్ముతాండారు?"

"సొప్ప మోపులు" అన్నాడాయన. "ఎనభై నాలుగు మోపులు, నాలుగు జతల ఎద్దులు. జతకు ఎన్ని?"

తువ్వాలు కదిలింది. రెండు వేళ్ళు, ఆ తర్వాత ఒక వేలు పట్టుకుందట. ఇరవై ఒకటి. "సరిగ్గా సెప్పింది సూడు" అని ఆయన పొంగిపోయాడు.

"ఆడపిల్లకు దలారితనం నేర్పిస్తాండావా? రేపు పెండ్లికొడుకును గూడ తువ్వాలు కింద బేరం సేస్తాది."

"సేస్తే ఏం తప్పు? మీ నాయన బేరం సెయ్యకుండానే నన్ను తీసుకున్నాడు."

"అందుకే ఇట్ల దొరికినావు" అని నేను లోపలికి పోయాను.

కానీ పోయి తలుపు చాటున నిలబడి చూశాను. లెక్కలు చేసేటప్పుడు ఆ పిల్లను నేను అట్లా ఎప్పుడూ చూడలేదు. పెన్సిలు పట్టుకుంటే భుజాలు బిగుసుకొని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకొని, చెమటలు పట్టేవి. ఇక్కడ హాయిగా కాళ్ళు ఊపుతూ ఉంది. పైగా పెద్దది ముందు, చిన్నది తర్వాత, వరస తప్పకుండా పట్టుకుంటోంది. మేడం అడిగిన మెట్లు ఇవే కదా అనుకున్నాను. ఇంక తిట్టలేదు. ఈ చేతి లెక్కకు కాగితం ఖర్చు కూడా లేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ కబురు. ఈసారి మేడం ముఖంలో నవ్వు లేదు.

"అవ్వా, ముందు రాతలో అంకెలు జారినా నోటి జవాబు సరిగ్గా ఉండేది. ఇప్పుడు జవాబే సగం మాయమైతాంది. ఎనిమిది వందల పదహారును నాలుగుతో భాగిస్తే రెండు వందల నాలుగు రావాల. పాప ఇరవై నాలుగు అంటాది. ఎనిమిది వందల నలభైకి రెండు వందల పది రావాల. ఇరవై ఒకటి అంటాది. ఇంట్లో ఏమన్నా కొత్తగా సెప్పిస్తాండారా?"

సంత బేరం నేర్పిస్తున్నామని ఎట్లా చెప్పేది? పక్కనే నిలబడిన పిల్లే చెప్పింది.

"సున్నకు వేలు లేదు మేడం."

మేడం నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఇంటికి వచ్చి ఆయన మీద పడ్డాను. ఆయన తాపీగా చెప్పాడు, సంతలో సున్నతో పని లేదట. రెండు వేళ్ళు పట్టుకుంటే రెండు వందలా, రెండు వేలా, ఇరవై వేలా అని ఎవరూ అడగరట.

"ఎద్దును సూస్తే తెలుస్తాది గదా" అన్నాడు.

"బడిలో ఎద్దు యాడుంది?"

నేను తువ్వాలు లాక్కొని ఉతికి, తీగ మీద నుంచి తీసి నా పెట్టెలో పెట్టాను. నా తిక్క అంతా ఇంతా కాదు. పుస్తకంలో చేస్తే రాత తప్పుతుంది, తువ్వాలు కింద చేస్తే సున్న పోతుంది. దసరా దగ్గర పడుతోంది. తెలిసిన లెక్కను బయటికి తీసే దారి ఏదో ఎవరికీ తెలియదు.

కండ్లు కూడా చూపించమని మేడం చెప్పింది కాబట్టి పిల్లను ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయాను. కండ్లు బాగున్నాయన్నారు. చేతులు కూడా తిప్పించి చూసి బాగున్నాయన్నారు. కండ్లు బాగుండి, చేతులు బాగుండి, బుద్ధి బాగుండి, అంకె ఎందుకు జారుతుందో ఎవరినడగాలో తెలియక తిరుగు బస్సు ఎక్కాను.

బస్సు కిక్కిరిసి ఉంది. మా ముందు ఒక సీటు ఖాళీగా ఉంది, దాని మీద తువ్వాలు. ఎవరో కిటికీలోంచి వేసి పోయారు. ఒకాయన దాన్ని పక్కకు జరిపి కూర్చోబోయాడు. వెనకనుంచి ఒకామె అందుకుంది.

"ఆడ ఒక మనిసి ఉన్నాడప్పా."

"యాడున్నాడు? నాకు కనపడడం ల్యా."

"తువ్వాలుంది గదా."

"తువ్వాలు టికెట్టు తీసుకున్యాదా?"

"నువ్వు తీసుకున్యావా? ముందు దాన్ని అడుగు."

బస్సంతా నవ్వింది. ఆయన గొణుక్కుంటూ నిలబడ్డాడు. నా మనవరాలు మాత్రం నవ్వలేదు. ఆ సీటునే చూస్తోంది. కాసేపటికి నా కొంగు లాగింది.

"అవ్వా, ఆడ సున్న కూసుంది."

"యాడ?"

"ఆ సీట్లో."

పొద్దున్నుంచి తిండి లేక పిల్లకు కండ్లు తిరుగుతున్నాయేమోనని సంచిలోంచి రొట్టె తీసి ఇచ్చాను.

ఇంటికి రాగానే తువ్వాలు ఇమ్మని వెంట పడింది. ఇవ్వనన్నాను. తాతకు కాదు, నాకు చూపిస్తానంది. తువ్వాలు కూడా వద్దు, నీ చెయ్యి ఇయ్యి చాలు అంది. నా ఎడమ చెయ్యి చాపించి పెట్టింది. మోచెయ్యి దగ్గర వందలట. గాజుల దగ్గర పదులట. వేళ్ళు ఒకట్లట. పదులు లేకపోతే గాజుల దగ్గర పిడికిలి మూసి పెడుతుందట. అంటే అక్కడ ఎవరూ లేరు, కానీ వేరేవాళ్ళు వచ్చి కూర్చోకూడదు.

"ఇది బేరం కాదు" అని మంచం మీద నుంచి మా ఆయన అభ్యంతరం చెప్పాడు. "మోసెయ్యి పట్టుకుంటే ఎదుటోడు కొట్లాటకు వచ్చినావనుకుంటాడు."

"నువ్వు ఊకుండు" అన్నాం ఇద్దరం.

అప్పటినుంచి మా పద్ధతి మారింది. పిల్ల నా ఎడమ చెయ్యి పట్టుకుంటుంది. నేను కుడి చేత్తో గళ్ళల్లో రాస్తాను. మోచెయ్యి పట్టుకుంటే వందల గడి, ఎన్ని వేళ్ళు ఆనిస్తే అంత అంకె. గాజుల మీద పిడికిలి పడితే సున్న. మిగిలింది ఎంతో నోటితో చెప్తుంది, అదీ రాస్తాను. అలా భాగహారం రాని నేను కాగితం నిండా భాగహారాలు రాశాను. రాసింది నేనే అయినా నాకు ఒక్కటీ అర్థం కాలేదు. ఒకసారి సున్న మరిచిపోతే నా చేతి మీద పిడికిలితో గట్టిగా కొట్టింది. తిరిగి కొట్టాలనుకొని, తప్పు నాదేనని ఆగాను.

వేరుగా, సాయంత్రం పూట, రాత. దానికి లెక్కలతో సంబంధం లేదు. ఒకే అంకెను పెద్దగా బండ మీద సుద్దతో దిద్దించేదాన్ని. అది మాత్రం నత్త నడక. అప్పుడు తిట్టవచ్చునో లేదో మేడం చెప్పలేదు కాబట్టి కొంచెం తిట్టాను.

సెలవులకు ముందు హెడ్మాస్టర్ పిలిపించాడు. నన్ను వాకిట్లో, తెరిచిన తలుపు ఎదుట కుర్చీలో కూర్చోమన్నారు. నేను రాస్తే ఒప్పుకోరట, మేడం రాస్తుందట. ఆయన ఆరు వందల పద్దెనిమిదిని ఆరుతో భాగించమన్నాడు.

పిల్ల కుడి చెయ్యి మెల్లగా తన ఎడమ మోచేతి మీదికి పోయింది.

"వందలు ఆరు. ఆరుకు ఒకటి. రాయండి మేడం." మేడం బోర్డు మీద రాసింది. "పదులు ఒకటే ఉంది. ఆరుకు సాలదు." చెయ్యి మణికట్టు దగ్గర పిడికిలి అయ్యింది. "సున్న పెట్టండి. ఆ పదీ, ఎనిమిదీ పద్దెనిమిది. మూడు. నూట మూడు. ఏం మిగల్లేదు."

"ఆ చెయ్యి ఎందుకు పట్టుకుంటావు?" అని అడిగాడాయన.

"మా తాత ఎద్దులకు పట్టుకుంటాడు సార్."

నేను కుర్చీలో కుంగిపోయాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. మేడం వైపు చూశాడు.

"ఇప్పుడు నువ్వు రాయి" అని గళ్ళ కాగితం ఇచ్చి ఇంకో లెక్క చెప్పాడు. పిల్ల భుజాలు బిగుసుకున్నాయి. చాలాసేపు రాసింది. అంకెలు గళ్ళు దాటి బయటికి తొంగి చూశాయి, ఒకటి తల కిందులుగా కూడా ఉన్నట్టుంది. కానీ ఏదీ పక్కదాని ఇంట్లోకి పోలేదు. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకొని చూశాడు, దగ్గరగా పట్టుకొని చూశాడు.

"అయిదో తరగతితోనే కూసోనీ మేడం. లెక్క నోటితో సెప్తే మీరు రాసుకోండి. రాత వేరే పీరియడ్‌లో సూడండి. సంక్రాంతి తర్వాత నేను మల్లా సూస్తా."

మేడం పిల్లను తరగతికి పంపింది. నాకు పోవాలనిపించలేదు. లేచి ఆయన బల్ల దగ్గరికి పోయాను.

"సార్, బోర్డు మీద రాసింది మేడం. సెప్పింది పాప. మల్ల లెక్క ఎవురు సేసినట్టు?"

"పాపే."

"రాసింది మేడం గదా."

"రాసింది మేడం. సేసింది పాప."

"రాయకుండా సేసినాదని ఎట్ల నమ్మేది సార్?"

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. "నేను గూడ అదే సూస్తాండా అవ్వా" అన్నాడు. అది నాకు చెప్పిన జవాబో, తనకు తాను వేసుకున్న ప్రశ్నో అర్థం కాలేదు.

వస్తూ వస్తూ అయిదో తరగతి కిటికీలోంచి చూశాను. మేడం బోర్డు మీద మరో పెద్ద భాగహారం వేసింది. పిల్లలందరూ తలలు వంచి గబగబా రాసుకుంటున్నారు. నా మనవరాలు మూడో వరసలో, పెన్సిలు పక్కన పెట్టి, ఊరికే బోర్డు వైపు చూస్తూ కూర్చుంది. మనసులో లెక్క చేస్తోందేమో, ఏమీ చేయడం లేదేమో. రాయనందుకు కిటికీలోంచి ఒక కేక వేయాలో, వేయకూడదో తేల్చుకోలేక ఇంటికి వచ్చేశాను.